ఆ మీటింగుకి వాళ్ళని ఒంటరిగా పంపకండి

సంపాదకులకు నమస్కారం.

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రుల గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు, కాదనను. కానీ చివర్లో "తల్లిదండ్రులు ఓపిక పట్టాలి, ధైర్యం కోల్పోకూడదు" అని ముగించారు చూశారా, అక్కడ నాకు ఒళ్ళు మండింది. రాత్రి రెండింటికి లేచి కూర్చున్న పిల్లాడితో తెల్లారేదాకా మేలుకుని, పొద్దున్నే వాడిని తయారు చేసి బడికి పంపేవాళ్ళకి ఓపిక గురించి మనం చెప్పడమేంటండీ? ఓపిక వాళ్ళ దగ్గర కావలసినంత ఉంది. లేనిదల్లా స్కూల్లో ఆ పిల్లాడి గురించి మీటింగు పెట్టినప్పుడు పక్కన కూర్చుని రాసుకునే ఒక మనిషి. ఈ ఉత్తరం ఆ మనిషి గురించే. పొడుగైపోతుందని ముందే తెలుస్తోంది, మీరు కత్తిరిస్తారనీ తెలుసు. ఎక్కడ కత్తెర వేసినా సరే, బడి గంట సంగతి మాత్రం ఉంచండి.

నేను రిటైరైన టీచర్ని. అంటే ఆ మీటింగుల్లో బల్లకి అవతలి వైపు కూర్చున్నదాన్ని. "చూద్దాం లెండి" అన్న మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. మోసం చేద్దామని అన్నది కాదు. నిజంగానే చూద్దామనుకునేదాన్ని, సాయంత్రం పేపర్లు దిద్దేసరికి మర్చిపోయేదాన్ని. ఒక పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో "ధ్యాస లేదు, చెప్పిన మాట వినడు" అని మూడు టర్ముల్లోనూ ఒకే వాక్యం రాశాను. వాడి అమ్మ ప్రతిసారీ వచ్చి సంతకం పెట్టి, ఏదో అడగబోయి, నా మొహం చూసి ఆగిపోయి వెళ్ళిపోయేది. ఇప్పుడు తలచుకుంటే వాడి సంగతి ఏంటో నాకు దాదాపుగా అర్థమవుతోంది. అప్పుడు కాలేదు.

తరవాత మా తమ్ముడి కొడుక్కి ఆటిజం అని తెలిసింది, నేను బల్లకి ఇటువైపు వచ్చి పడ్డాను.

మొదటి మీటింగుకి తమ్ముడు, మరదలు ఇద్దరే వెళ్ళారు. అటు ఆరుగురట. ప్రిన్సిపాల్, క్లాస్ టీచర్, స్పెషల్ ఎడ్యుకేటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్), కౌన్సెలర్, ఇంకా ఇద్దరు ఎవరో వీళ్ళకి ఇప్పటికీ తెలీదు. ఇంటికొచ్చాక అడిగాను, ఏమన్నారురా అని. "బాగానే మాట్లాడారక్కా" అన్నాడు. ఏం చేస్తామన్నారు? "చూస్తామన్నారు." ఏం చూస్తామన్నారు? వాడు మరదలి వైపు చూశాడు. "నాకు మధ్యలో ఏడుపొచ్చేసింది వదినా, ఆ తరవాత ఎవరేం అన్నారో ఒక్కటీ గుర్తు లేదు" అంది. గంటసేపు మాట్లాడుకున్న మీటింగులోంచి ఇంటికి వచ్చింది ఆ రెండు ముక్కలే. స్కూలు వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వీళ్ళు తెలివితక్కువ వాళ్ళూ కాదు. మా తమ్ముడు ఆఫీసులో రోజూ మీటింగులు నడిపేవాడే. కన్నబిడ్డ గురించి ఆరుగురు తలా ఒక మాట అంటుంటే, వాడికి ఏమేం చేతకాదో ఒక్కొక్కటే చదివి వినిపిస్తుంటే, ఏ తండ్రి అయినా వింటాడా, రాసుకుంటాడా, జవాబు ఆలోచిస్తాడా? ఆ మూడూ ఒకేసారి ఎవరివల్లా కాదు.

రెండో మీటింగుకి నేను కూడా వెళ్ళాను. ముందే ఒక మెయిల్ పెట్టించాను, మాతో పాటు పిల్లాడి మేనత్త వస్తుంది, నోట్స్ రాసుకుంటుంది అని. వెళ్ళగానే "మీరెందుకు వచ్చారు?" అని ఒకాయన కొంచెం గట్టిగానే అడిగారు. "రాసుకోడానికి వచ్చానండీ, మాట్లాడేది వాళ్ళే" అన్నాను. మాట తప్పలేదు కూడా. నోటు పుస్తకం తెరిచి తేదీ వేసి, ఎవరెవరు ఉన్నారో పేర్లు, వాళ్ళేం పని చేస్తారో అడిగి రాసుకున్నాను. అంతే. మీరు నమ్మండి నమ్మకపోండి, గదిలో మాటలు మారిపోయాయి. "చూద్దాం" అని ఒకావిడ మొదలెట్టిన వాక్యాన్ని, నా పెన్ను కదలడం చూసి, ఆవిడే సగంలో ఆపి "అంటే, వచ్చే సోమవారం నుంచి మొదలుపెడతాం" అని పూర్తి చేసింది. రాసుకునే మనిషి ఎదురుగా ఉంటే ఎవరైనా మాట ఆచితూచి అంటారు, నేనైనా అంతే. ఆ మొదటి పెద్దమనిషి మాత్రం చివరిదాకా ముభావంగానే కూర్చున్నారనుకోండి, అది వేరే సంగతి.

ఇక గంట సంగతి. క్లాస్ టీచర్ ఫిర్యాదు ఏంటంటే, వీడు పాఠం వినడు, ఎప్పుడూ గోడ గడియారం వైపు చూస్తుంటాడు, రాయమంటే రాయడు, ఉన్నట్టుండి కేకలు వేస్తాడు. అందుకే దగ్గరుండి చూసుకోవచ్చని ముందు వరసలో తలుపు పక్కన కూర్చోబెట్టింది. మంచి మనసుతోనే. నేను అనుమతి అడిగి ఒక పూట వెనక బెంచీలో కూర్చున్నాను, చేతిలో కాగితం మీద మూడు గడులు గీసుకుని. ముందు ఏం జరిగింది, అప్పుడు వాడేం చేశాడు, తరవాత ఏం జరిగింది. ఇదేం నేను కనిపెట్టింది కాదు, ప్రవర్తన గమనించేవాళ్ళు ఎప్పటినుంచో వాడే పద్ధతే. రెండు పీరియడ్లు అయ్యేసరికి నా కాగితమే నాకు చెప్పేసింది. కరెంటు గంట ఆ తలుపు మీదే ఉంది, బయట వరండా గోడకి. పీరియడ్ అయిపోడానికి ఐదు నిమిషాల ముందు వాడి పెన్సిల్ ఆగిపోతుంది. కళ్ళు గడియారం మీదకి వెళ్తాయి. నిమిషం ముందు రెండు చేతులూ చెవుల మీదకి వస్తాయి. గంట మోగుతుంది. మోగాక మళ్ళీ పెన్సిల్ పట్టుకోడానికి ఇంకో ఐదు నిమిషాలు. ధ్యాస లేకపోవడం ఎక్కడండీ, క్లాసు మొత్తంలో టైము అంత ధ్యాసగా చూసేవాడు ఇంకొకడు లేడు! రోజుకి ఎనిమిదిసార్లు గంట మోగుతుంది. ఎనిమిది పదులు ఎనభై నిమిషాలు ప్రతిరోజూ ఆ గంట మింగేస్తోంది, మనం ఆ ఎనభై నిమిషాలకి "చెప్పిన మాట వినడు" అని పేరు పెట్టాం.

ఇది గారాబమనో నాటకమనో అనేవాళ్ళ కోసం ఒక మాట. శబ్దాలు, వెలుతురు, స్పర్శ మామూలు కన్నా ఎక్కువగానో తక్కువగానో తెలియడం ఆటిజం లక్షణాల్లో ఒకటని, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక వైద్యుల మాన్యువల్‌లో లక్షణాల జాబితాలోనే చేర్చారు. కాబట్టి మీటింగులో "వాడికి గంట అంటే భయం" అని తల్లి చెబితే "మా పాపకీ చిన్నప్పుడు ఉండేది, అదే పోయింది" అని జవాబివ్వడం, కళ్ళద్దాలు అవసరమైన పిల్లాడితో కాస్త శ్రద్ధగా చూడమని చెప్పడంలాంటిది.

పరిష్కారానికి పైసా ఖర్చు కాలేదు. తలుపు దగ్గర నుంచి కిటికీ వైపు మూడో వరసకి మార్చారు. గంటకి రెండు నిమిషాల ముందు టీచర్ వాడి బెంచీ మీద ఒక పసుపు కార్డు పెడుతుంది. కావాలంటే వాడు చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకోవచ్చు, ఎవరూ తీసెయ్యమనరు. అద్భుతాలేం జరగలేదు. మూడు వారాల తరవాత కూడా చెవులు మూసుకుంటున్నాడు. కానీ పెన్సిల్ ఐదు నిమిషాల ముందు కాదు, కార్డు వచ్చాకే ఆగుతోంది. మిగిలిన ఆ మూడు నిమిషాల్లో రెండు లెక్కలు చేస్తున్నాడు. ఇంట్లో మాకు ఆ రోజు పండగే అనుకోండి.

సరే, ఇంతలో ఆ టీచర్ సెలవు పెట్టింది. బదులు వచ్చినావిడకి కార్డు సంగతి ఎవరూ చెప్పలేదు. హెడ్‌ఫోన్స్ చూసి "క్లాసులో పాటలేంటి" అని తీయించేసింది. గంట మోగేసరికి వాడు బెంచీ కింద ఉన్నాడు, తోటి పిల్లలు చుట్టూ చేరారు, ఎవరో చెయ్యి పట్టి లాగబోతే కొరికాడు. సాయంత్రం ఇంటికి ఫోన్ వచ్చింది, మీవాడు కొరికాడు అని. గంట ఊసు లేదు, కార్డు ఊసు లేదు, కొరకడం ఒక్కటే ఉంది. ఇందుకే రాత కావాలంటున్నాను. మంచి టీచర్ దొరకడం అదృష్టమే, కానీ ఆవిడ సెలవు పెడితే అదృష్టం కూడా సెలవు పెడుతుంది. ఇప్పుడు ఆ క్లాసు హాజరు పట్టీ అట్ట లోపలి వైపు కార్డు, హెడ్‌ఫోన్స్ సంగతి రాసిన ఒక అరపేజీ అంటించి ఉంది, ఎవరు క్లాసుకి వచ్చినా ముందు తెరిచేది అదే కదా.

తల్లిదండ్రులకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, మీటింగు అయిన రోజే ఒక ఉత్తరం పంపండి. మరుసటి రోజుకి మర్చిపోతాం, వాళ్ళూ మర్చిపోతారు. పెద్ద భాష అక్కర్లేదు. మేం రాసింది ఇలా ఉంది: "ఈరోజు మాకు సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మనం అనుకున్నవి మాకు అర్థమైనంతవరకు ఇవి. బాబుని సోమవారం నుంచి కిటికీ వైపు కూర్చోబెట్టడం. గంటకి రెండు నిమిషాల ముందు, క్లాసులో ఏ టీచర్ ఉంటే వారు కార్డు పెట్టడం. స్పీచ్ థెరపీ వారానికి రెండుసార్లు, ఒక్కోసారి అరగంట. ఆరు వారాల తరవాత మళ్ళీ కలిసి కూర్చోవడం. ఇందులో మేం పొరపాటుగా రాసింది ఏమైనా ఉంటే ఈ వారంలోగా తెలియజేయగలరు." ఇందులో నింద లేదు, బెదిరింపు లేదు. కానీ జవాబు రాకపోతే అదే ఒప్పందంలా నిలబడుతుంది, జవాబు వస్తే ఎక్కడ తేడా ఉందో ఇప్పుడే తెలుస్తుంది, ఏడాది చివర్లో కాదు. నోటిమాటలు నీటి మూటలు, వాటిని పట్టుకుని ఎవరినీ అడగలేం.

కాదంటే ఆ కాదన్నది కూడా రాతలోనే అడగండి. షాడో టీచర్ని, అంటే పిల్లాడి పక్కనే కూర్చుని సాయం చేసే మనిషిని, ఇవ్వలేం అన్నారా, సరే, ఎందుకు ఇవ్వలేరో, దాని బదులు ఏం చేస్తారో రెండు వాక్యాలు రాసివ్వమనండి. అమెరికా చట్టంలో అయితే స్కూలు ఒక కోరికని తోసిపుచ్చితే కారణం రాతపూర్వకంగా చెప్పి తీరాలి. అన్నిచోట్లా అలాంటి నియమం లేకపోవచ్చు, అడగడానికి నియమం అక్కర్లేదు కదా. నేను చూసినంతలో రాసివ్వమన్నప్పుడు సగం "కాదు"లు "ప్రయత్నిద్దాం"గా మారతాయి, ఎందుకంటే నోటితో సులువుగా అనేసిన కారణం కాగితం మీద చూసుకుంటే అన్నవాళ్ళకే బాగోదు.

లక్ష్యాల సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి దండగ. పిల్లాడి కోసం విడిగా రాసే విద్యా ప్రణాళికని ఐఈపీ అంటారు, చాలాచోట్ల ఇదే పేరు. మా మొదటి ఐఈపీలో "సామాజిక నైపుణ్యాలు మెరుగుపరచడం" అని ఉంది. ఎంత బాగుందో చూడండి, ఎవరూ కాదనలేరు, ఎవరూ కొలవనూ లేరు. మెరుగుపడ్డాయా అంటే పడ్డాయి, పడలేదా అంటే పడలేదు. దాన్ని ఇలా మార్పించాం: ఇప్పుడు ఆటల విరామంలో వాడు గోడ వెంట ఒక్కడే నడుస్తాడు. టర్ము చివరికి, ఒక పెద్దవారు పక్కనుండి సాయం చేస్తే, ఇంకో పిల్లాడితో వంతులేసుకుని ఆడే ఆట ఐదు నిమిషాలు ఆడాలి, వారంలో ఐదు రోజులకి నాలుగు రోజులు. లెక్క రాసేది స్పెషల్ ఎడ్యుకేటర్, మాకు చూపించేది నెలకోసారి. ఇప్పుడెక్కడున్నాడు, ఎక్కడికి రావాలి, ఎప్పటికి, ఎవరి సాయంతో, ఎవరు చూసి చెబుతారు, ఇవన్నీ అందులో ఉన్నాయి. (గోడ వెంట నడవడం కూడా వాడికి ఇష్టమే, దాన్ని పూర్తిగా మాన్పించకూడదని మరదలు పట్టుబట్టి రాయించింది. నాకు తట్టలేదు ఆ మాట.)

ఏడాదికేడాది అవే లక్ష్యాలు తేదీ మార్చి రాసే అలవాటు ఒకటుంది. నేనూ పాఠ ప్రణాళికలు అలా రాసినదాన్నే, దాచుకోవడం ఎందుకు. దీని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. కొలరాడోలో ఎండ్రూ అనే పిల్లాడు, రెండేళ్ళ వయసులో ఆటిజం అని తేలింది, ఈగలంటే, పబ్లిక్ టాయిలెట్లంటే విపరీతమైన భయం. ఏటేటా దాదాపు అవే లక్ష్యాలు రాస్తూ పోతుంటే తల్లిదండ్రులు విసిగిపోయి ఐదో తరగతికి ప్రైవేటు స్కూల్లో చేర్చారు, అక్కడ బాగుపడ్డాడు. ఆ ఖర్చు ఇప్పించమని కేసు వేస్తే కింది కోర్టులు, ఏదో కాస్త ప్రయోజనం ఉంటే చాలు, స్కూలు బాధ్యత తీరినట్టే అన్నాయి. 2017 మార్చిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఏకగ్రీవంగా అది చాలదన్నారు. ఆ పిల్లాడి పరిస్థితికి తగిన ప్రగతి సాధించేలా ప్రణాళిక ఉండాలి అన్నారు. ఆ తీర్పు మనకి వర్తించకపోవచ్చు, కానీ అది అడిగిన ప్రశ్న ఎక్కడైనా అడగొచ్చు. పోయిన ఏడాది కాగితం, ఈ ఏడాది కాగితం పక్కపక్కన పెట్టి "వీటిలో ఏం మారిందో చెప్పండి" అనడానికి ఏ కోర్టూ అక్కర్లేదు.

తల్లిదండ్రులు ఎందుకంత తల దించుకుని కూర్చుంటారో కూడా చెప్పాలి. వాళ్ళు అక్కడికి సాయం అడగడానికి కాదు, బోనెక్కడానికి వచ్చినట్టు వస్తారు. దానికి చరిత్ర ఉంది. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండు మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం అన్న మాట ఈ అర్థంలో వాడుకలోకి వచ్చింది. ఆ తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని ఆయన రాసిన మాటలు పట్టుకుని, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని దశాబ్దాల పాటు చదువుకున్నవాళ్ళే చెప్పారు. అమెరికాలో పిల్లల మనస్తత్వం గురించి రాసిన బ్రూనో బెట్టెల్‌హైమ్ లాంటివాళ్ళు దాన్ని ఊరూవాడా ప్రచారం చేశారు. ఎంతమంది తల్లులు ఆ మాటతో కుమిలిపోయారో. చివరికి 1969లో కానరే తల్లిదండ్రుల సభలో నిలబడి, మీ తప్పేమీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ సభ ఎవరిదనుకున్నారు, తల్లిదండ్రులే కట్టుకున్న సంఘం, బెర్నార్డ్ రిమ్లాండ్ అనే ఒక తండ్రి మరికొందరితో కలిసి 1965లో మొదలుపెట్టింది. అంతకు ముందే 1962లో బ్రిటన్‌లో ఇలాంటి సంఘం పెట్టినవాళ్ళలో లోర్నా వింగ్ ఉంది. ఆవిడ మానసిక వైద్యురాలు, ఆటిజం ఉన్న కూతురి తల్లి కూడా. ఆటిజాన్ని ఒక స్పెక్ట్రమ్‌గా, అంటే ఒక్కొక్కరిలో ఒక్కో తీరులో, ఒక్కో మోతాదులో ఉండేదిగా చూడాలని ప్రపంచానికి నేర్పింది ఆవిడే. ఆ తల్లిదండ్రులు ఓపిక పట్టి ఊరుకుని ఉంటే ఈ రోజు ఐఈపీ అన్న కాగితమే ఉండేది కాదేమో. అమెరికాలో 1975లో వచ్చిన చట్టం దాన్ని తప్పనిసరి చేసింది, 1990లో ఆటిజాన్ని ఆ చట్టంలో పేరు పెట్టి చేర్చారు. ఐక్యరాజ్యసమితి 2006 వికలాంగుల హక్కుల ఒడంబడికలో 24వ అధికరణం చదువు గురించే, ఒక్కో పిల్లాడి అవసరానికి తగ్గ సర్దుబాటు చేయాలని అందులో ఉంది. తరవాత ఇంగ్లండ్‌లో 2014లో, ఇండియాలో 2016లో కొత్త చట్టాలు వచ్చాయి, ఇండియా చట్టంలో ఆటిజం పేరుతో సహా ఉంది. మీరున్న చోట ఏది వర్తిస్తుందో దాని పేరు, సంవత్సరం నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి, చాలు. మీటింగులో దాన్ని చదివి వినిపించే అవసరం నాకు ఒక్కసారే వచ్చింది.

ఇక తోడు వెళ్ళేవాళ్ళకి. మీరు లాయరు కానక్కర్లేదు, డాక్టరు కానక్కర్లేదు. చక్కగా రాయడం వచ్చి, మధ్యలో నోరు మూసుకోవడం తెలిస్తే సరిపోతుంది. రెండోదే కష్టం. మీరు గొడవకి దిగితే మీరు ఇంటికి వెళ్ళిపోతారు, పిల్లాడు రేపు అదే క్లాసులో కూర్చోవాలి. మీరు అడగాల్సినవి నాలుగు ముక్కలే, ఎవరు చేస్తారు, ఎప్పటినుంచి, ఎంతసేపు, జరిగిందని మాకెలా తెలుస్తుంది. మరదలు గొంతు వణికితే "రెండు నిమిషాలు ఆగుదామండీ" అనడం కూడా నా పనే. ఆ మాట ఆ గదిలో ఉన్న ఆరుగురిలో ఎవరికీ తోచదు, వాళ్ళు వాచీలు చూసుకుంటుంటారు. ఇంకొకటి, దయచేసి వైద్యాలు చెప్పకండి. ఫలానా మందు వాడితే పోతుందట, ఫలానా చోట నయం చేస్తారట అని మోసుకెళ్ళే బంధువులు ఇప్పటికే ఇంటినిండా ఉన్నారు.

"స్కూల్లో బాగానే ఉంటాడండీ, ఇంట్లోనే మీరు ఏదో..." అనే మాట తప్పకుండా వస్తుంది, దానికి సిద్ధపడి వెళ్ళండి. కొంతమంది పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, బడిలో రోజంతా బిగబట్టుకుని, అందరినీ చూసి అనుకరిస్తూ నెట్టుకొచ్చి, ఇంటి గుమ్మం దాటగానే కుప్పకూలిపోతారు. బ్యాగు విసిరేస్తారు, గంటల తరబడి ఏడుస్తారు. అది ఇంటి పెంపకం లోపం కాదు, బడి రోజు ఖరీదు. వాదించకండి, రెండు వారాలు రోజూ సాయంత్రం ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు సాగింది, ఆ రోజు బడిలో ఏముంది అని రాసి పట్టుకెళ్ళండి. ఆటల పీరియడ్ ఉన్న రోజు, పరీక్ష రోజు, టీచర్ రాని రోజు, ఏదో ఒక వరస కనిపిస్తుంది. అలాగే "మార్కులు బాగానే వస్తున్నాయిగా" అనే మాట. మార్కులు వచ్చినవాడికి టాయిలెట్‌కి వెళ్ళాలని అడగడం రాకపోవచ్చు. మావాడికి అలాగే ఉండేది, రోజంతా నీళ్ళు తాగకుండా కూర్చునేవాడు. ఆ సంగతి బయటపడటానికి మాకు ఏడాది పట్టింది.

మాటలు రాని పిల్లలు బొమ్మల కార్డులతోనో ట్యాబ్‌తోనో మాట్లాడితే, అవి అలవాటైతే ఇక నోటితో మాట్లాడరని కొన్ని స్కూళ్ళు తీసి బీరువాలో పెడతాయి. ఇది తప్పు. వాటివల్ల మాట ఆగిపోదని ఇప్పటిదాకా జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. అల్లరి చేశాడని శిక్షగా ట్యాబ్ లాక్కోవడం కూడా చూశాను. నోట్లో గుడ్డ కుక్కడానికి దానికి తేడా ఏముందో నాకు అర్థం కాలేదు. అరిచిన ప్రతిసారీ క్లాసు బయటికి పంపడం ఇంకో పొరపాటు. క్లాసులో ఉండలేకపోతున్న పిల్లాడికి, అరిస్తే బయటపడొచ్చని మనమే నేర్పుతున్నాం. అరవకముందే "నాకు విరామం కావాలి" అని చూపించే కార్డు ఒకటి ఇచ్చి, చూపించిన వెంటనే పంపిస్తే, అరవాల్సిన పని తగ్గుతుంది.

టీచర్ల మీద నాకు కోపం లేదు, ఉంటే నా మీద నాకే ఉండాలి. వాళ్ళకి శిక్షణ ఇవ్వరు, సహాయకుల్ని ఇవ్వరు, క్లాసు నిండా పిల్లలు. నా సహోద్యోగులకి ఒక రహస్యం చెబుతాను, ఆ కాగితం మీకూ పనికొస్తుంది. "ఈ పిల్లాడికి వారానికి ఇన్ని గంటలు స్పెషల్ ఎడ్యుకేటర్ కావాలి" అని రాసి ఉంటే, మేనేజ్‌మెంటుని అడగడానికి మీ చేతిలో ఏదో ఒకటి ఉన్నట్టు. లేకపోతే మీరు అడిగితే అది మీ చేతకానితనం కింద జమ అవుతుంది. నాకు జమ అయింది.

సంపాదకులకి ఒక విన్నపం. ఏటా ఏప్రిల్ 2న ప్రపంచ ఆటిజం అవగాహన దినం అని పత్రికలన్నీ రెండు రకాల కథలు వేస్తాయి, కన్నీళ్ళ తల్లి ఒకటి, కంప్యూటర్‌లా లెక్కలు చేసే బాల మేధావి ఒకటి. రెండూ చదివి మా మరదలు పేపరు మడిచి పక్కన పెడుతుంది, రెండింటిలోనూ మావాడు లేడు. ఈసారి ఆ జాగాలో మీటింగుకి ఏం పట్టుకెళ్ళాలి, అయ్యాక ఉత్తరం ఎలా రాయాలి అని అరపేజీ వెయ్యండి. కత్తిరించి పర్సులో పెట్టుకునేవాళ్ళు చాలామంది ఉంటారు.

రిటైరైన టీచర్లు, ఆఫీసుల్లో మినిట్స్ రాసి రాసి చేతులు అరిగినవాళ్ళు, పక్కింట్లో ఇలాంటి బిడ్డ ఉన్నవాళ్ళు, ఆ ఇంటి తలుపు తట్టి "మీ మీటింగు ఎప్పుడు, నేను రానా?" అని అడగండి. మొదట వద్దంటారు, మొహమాటం. ఇంకోసారి అడగండి.

మా తదుపరి మీటింగు వచ్చే గురువారం. ఈసారి అడగాల్సినవి రాసుకుంటుంటే మావాడు వచ్చి నా పక్కన నిలబడి కాగితం చూశాడు. వాడికి ఇప్పుడు పదేళ్ళు, చిన్న వాక్యాలు రాస్తాడు. మనం ఇన్నాళ్ళూ వాడి గురించి వాడిని తప్ప అందరినీ అడిగాం అని నాకు అప్పుడే తట్టింది. పెన్ను చేతికిచ్చి, నీకేం కావాలో రాయమన్నాను. చాలాసేపు ఆలోచించి నా జాబితా కింద అయిదో అంకె వేసి రాశాడు: "పసుపు కార్డు వద్దు. అందరూ చూస్తారు. చిన్నది."

దాన్ని మొదటికి మార్చాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్